దప్పిక ఉన్న ఇంట్లో వాక్యపఠనం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. తాతల నాటి నుంచి కతోలికులం. నా భర్తకు రెండు మూత్రపిండాలూ దెబ్బతిని రెండేళ్లయింది. వారానికి మూడు రోజులు డయాలసిస్ చేయిస్తున్నాం. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు గారు కొలత పెట్టారు. కొబ్బరితోట మధ్యనే ఇల్లు, ఆయన మాత్రం బోండాం నీళ్లు నోట పెట్టకూడదు. రాత్రిపూట ఆ కొలత దాటి నీళ్లడిగితే నేనే లేవని చెప్పాలి. తపస్సుకాలంలో (ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) బైబులు మొదటి నుంచి చదవాలని కూర్చుని, లేవీయకాండం దగ్గర ఆగిపోయాను. జపమాల పట్టుకుంటే మనసు కట్టెలా ఉంటోంది, నిద్ర ముంచుకొస్తోంది. ఒకరోజు కోపంతో దేవుణ్ణి అనరాని మాటలన్నాను. ఆ తర్వాత మూడు వారాలు జపమాల ముట్టలేదు. పక్కవీధిలో ప్రార్థన కూటం నడిపే అక్క మంచి మనిషే, మాకు జరగని రోజున కూర కూడా పంపుతుంది. కానీ ‘మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, నిజంగా విశ్వాసం ఉంటే డయాలసిస్ మానేసి దేవుని మీద ఆనుకోండి’ అంటోంది. ఆయనకు నయమైతే ఇద్దరం విజయవాడ గుణదల మాత గుడికి వెళ్లి, కొండ మెట్లు మోకాళ్లతో ఎక్కుతానని మొక్కుకున్నాను. అదీ తీరేలా లేదు. నా విశ్వాసం చచ్చిపోయిందా? దాన్ని పెంచుకోవాలంటే బైబులు ఎలా చదవాలి?

సమాధానం: సోదరీ, మీరు అడిగిన రెండు ప్రశ్నలకంటే ముందు, మీరు సగం చెప్పి వదిలేసిన విషయానికి జవాబు రాయాలి, ఎందుకంటే అది ఆలస్యం చేయకూడనిది. డయాలసిస్ ఒక్క విడత కూడా మానవద్దు. మూత్రపిండాలు పనిచేయనప్పుడు ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తులకు ఎక్కుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. బోండాం నీళ్లు వద్దన్నది కూడా వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టే. వారానికి మూడుసార్లు నాలుగేసి గంటల పాటు ఆ యంత్రం చేస్తున్నది, ఆరోగ్యవంతుడి ఒంట్లో మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేసే పనిలో కొంత భాగం మాత్రమే. దాన్ని మానడం విశ్వాసం అనిపించుకోదు, దేవుణ్ణి పరీక్షించడం అవుతుంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దేవదూతలు నిన్ను పట్టుకుంటారు అని యేసు ప్రభువుతో అన్నది ఎవరో, ఆయన ఏమని జవాబిచ్చారో మత్తయి సువిశేషం 4వ అధ్యాయంలో ఒకసారి చూడండి.

మన కతోలిక బైబులులో 73 గ్రంథాలు ఉన్నాయి. వాటిలో సీరా పుత్రుడైన యేసు (ఈయన యేసు ప్రభువు కాదు, పాత నిబంధన కాలపు జ్ఞాని) రాసిన జ్ఞానగ్రంథం ఒకటి. దాని 38వ అధ్యాయం మొదటి పదిహేను వచనాలు మీ వంటి ఇంటి కోసమే రాసినట్టు ఉంటాయి. వైద్యుణ్ణి గౌరవించమనీ, అతణ్ణి కూడా ప్రభువే కలుగజేశాడనీ, ప్రభువు నేలలో నుంచి మందులు పుట్టించాడు కనుక తెలివైనవాడు వాటిని తోసిపుచ్చడనీ ఆ జ్ఞాని చెబుతాడు. జబ్బు చేసినప్పుడు ప్రార్థన మానవద్దనీ అక్కడే చెబుతాడు, ఆ వెంటనే వైద్యుడికి చోటివ్వమంటాడు, ఆ వైద్యుడు కూడా దేవునికి మొరపెట్టుకునేవాడేనని గుర్తు చేస్తాడు. అంటే ప్రార్థననూ మందునూ ఒకదానికొకటి పోటీగా నిలబెట్టడం ఆ జ్ఞానికి తోచనే లేదు. మీ పక్కవీధి అక్క చదివేది ప్రొటెస్టంటుల 66 గ్రంథాల బైబులు అయితే అందులో ఈ అధ్యాయం ఉండదు, కాబట్టి ఆమెను తప్పు పట్టకుండా, కూర గిన్నె తిరిగి ఇచ్చే రోజున ఈ వచనాలు ఆమెకు చదివి వినిపించండి.

ఇక పాపం మాట. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా ఇదే: పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా? ఇద్దరూ కాదని ప్రభువు ఆ ప్రశ్ననే కొట్టిపారేశారని యోహాను సువిశేషం 9వ అధ్యాయం చెబుతోంది. ఆ సంగతి ఉద్దానంలో ఉన్న మీకు నాకంటే బాగా అర్థం కావాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఊళ్లకు ఊళ్లే ఈ జబ్బుతో కుంగిపోతున్నాయి. షుగరు లేనివారికీ, బీపీ లేనివారికీ, తాగుడు ముట్టనివారికీ వస్తోంది. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, అయినా ఇదీ కారణమని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చి చెప్పలేదు. కారణం తెలియని చోట పాపాన్ని కారణంగా కూర్చోబెట్టడం మనిషికి సులువైన పని. అలా కూర్చోబెడితే కొబ్బరి, జీడితోటల మధ్య వంచిన నడుము ఎత్తకుండా పనిచేసిన అన్ని వేలమందీ మిగతా ఆంధ్రదేశమంతటి కంటే పాపాత్ములని చెప్పవలసి వస్తుంది. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది గురించి లూకా సువిశేషం 13వ అధ్యాయంలో ప్రభువు అడిగినదీ అదే: వారు యెరూషలేములో ఉన్న అందరికంటే పాపులనుకుంటున్నారా?

బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకుని ఒంటినిండా కురుపులతో బాధపడిన యోబు స్నేహితులు కూడా పక్కవీధి అక్కలాంటి మంచివాళ్లే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. నోరు విప్పాకే చెడింది. నీ బిడ్డలు పాపం చేసి ఉంటారన్నారు, నువ్వేదో దాస్తున్నావన్నారు, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని అధ్యాయాలకు అధ్యాయాలు వాదించారు. యోబు మాత్రం తాను పుట్టిన దినాన్నే శపించాడు, దేవుడు తనను గురిచేసి బాణాలు వేస్తున్నాడన్నాడు, నాకు జవాబు చెప్పమని నిలదీశాడు. ఆఖరి అధ్యాయంలో తీర్పు ఎవరి పక్షాన వచ్చిందో చూడండి: నా సేవకుడైన యోబు మాట్లాడినట్టు మీరు నన్ను గురించి సరిగా మాట్లాడలేదు అని దేవుడు ఆ స్నేహితుల మీద కోపగించాడు. వాళ్లు దేవుణ్ణి గురించి మాట్లాడారు. యోబు కేకలు వేస్తూ అయినా దేవునితోనే మాట్లాడాడు.

నేనూ ఒకప్పుడు ఆ స్నేహితుల బాపతే. ఉపదేశిగా పని మొదలుపెట్టిన కొత్తలో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లిని పరామర్శించడానికి వెళ్లి, కుర్చీలో కూర్చున్న ఐదు నిమిషాలకే ‘అంతా దైవచిత్తం అమ్మా’ అన్నాను. ఆమె ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, నా కోసం పెట్టిన టీ గిన్నెను పొయ్యి మీద నుంచి దించేసింది. ఆ టీ నాకు రాలేదు. ఆమె చేసిందే ఒప్పని ఇప్పటికీ అనుకుంటాను.

ఈ యోబు గ్రంథమే మన దక్షిణ దేశంలో ఒక మనిషి బతుకును మలుపు తిప్పింది. తిరువితాంకూరు (ట్రావెన్‌కోర్) రాజు కొలువులో అధికారిగా ఉన్న నీలకంఠ పిళ్లై పంటలూ పశువులూ వరుసగా నష్టపోయి కుంగిపోయి ఉన్నప్పుడు, 1741లో కొలచెల్ యుద్ధంలో పట్టుబడి అదే కొలువులో చేరిన డచ్చి సేనాని డి లన్నాయ్ ఆయనకు యోబు కథ చెప్పాడు. 1745లో ఆయన దేవసహాయం అనే పేరుతో జ్ఞానస్నానం పొందారు. తితిలీ తుఫానుకు కొబ్బరిచెట్లు పడిపోయిన 2018 అక్టోబరును చూసిన మీకు ఆయన పడిన నష్టం వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ జ్ఞానస్నానంతో పోయిన ఆస్తి తిరిగి రాలేదు. 1749లో బంధించి, మూడేళ్లు హింసించి, 1752 జనవరి 14న కాల్చి చంపారు. 2022 మే 15న ఫ్రాన్సిస్ పోపు గారు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. విశ్వసిస్తే కష్టం తీరుతుందని డి లన్నాయ్ ఆయనకు చెప్పి ఉంటే, ఆ విశ్వాసం మొదటి దెబ్బకే పోయి ఉండేది.

ఇప్పుడు మీ ప్రశ్న: నా విశ్వాసం చచ్చిపోయిందా? చచ్చిన విశ్వాసానికి కోపం రాదమ్మా. లేనివాడి మీద ఎవరూ అలగరు. ఆ రోజు మీరన్న మాటలు మీ మనసును తొలుస్తుంటే పాపసంకీర్తనంలో గురువుకు చెప్పుకోండి, సిగ్గుపడవద్దు. అక్కడ మీరు చెప్పబోయేవాటి కంటే ఘాటైన మాటలు పవిత్ర గ్రంథంలోనే ఉన్నాయని మాత్రం తెలుసుకుని వెళ్లండి. నువ్వు నన్ను మోసం చేశావు, నేను మోసపోయాను అని దేవునితో అన్నవాడు యిర్మీయా ప్రవక్త. ఎన్నాళ్లు, ప్రభూ, నన్ను మరచిపోతావు, ఎన్నాళ్లు నీ ముఖం దాచుకుంటావు అని 13వ కీర్తన మొదలవుతుంది. 88వ కీర్తన అయితే మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది, చివర ఒక్క స్తుతి మాట కూడా ఉండదు. శ్రీసభ (కతోలిక క్రైస్తవ సంఘం) దాన్ని తీసివేయలేదు, మెత్తబరచలేదు, గురువులూ మఠకన్యలూ ప్రతి శుక్రవారం రాత్రి పడుకోబోయే ముందు చెప్పే ప్రార్థనలో పెట్టింది. మీ కోపానికి సొంత మాటలు దొరకనప్పుడు ఆ కీర్తనలోని మాటలు అరువు తెచ్చుకోండి. సిలువ మీద ప్రభువు చేసింది కూడా అదే. నా దేవా, నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు అన్న మాట 22వ కీర్తన మొదటి పంక్తి.

మనసు కట్టెలా ఉండటం కొత్త జబ్బు కాదు. ప్రార్థన విషయంలో శ్రీసభ మొత్తానికి గురువుగా నిలిచిన ఆవిలాపురి పునీత తెరేసమ్మ గారు, కొన్నేళ్ల పాటు ప్రార్థన గంట ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం చప్పుడు కోసమే చెవులు రిక్కించి కూర్చున్నానని తానే రాసుకున్నారు. లిసియేపురి పునీత చిన్న తెరేసమ్మ గారు ధ్యాన సమయంలో నిద్రపోయేవారు. మెలకువగా ఉన్నా నిద్రపోయినా తల్లిదండ్రులకు బిడ్డ ముద్దే కదా అని ఆమె తనకు తాను చెప్పుకున్నారు. ఆ మాటను తీపి మాటగా తీసిపారేయకండి. అదే తెరేసమ్మ గారు క్షయవ్యాధితో చివరి ఏడాదిన్నర ఎలా గడిపారో చూస్తే దాని బరువు తెలుస్తుంది. 1896 ఈస్టరు రోజుల నుంచి పరలోకం ఉందన్న భావమే ఆమె మనసులో నుంచి మాయమైపోయింది. విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో కాగితం మీద రాసి గుండెల దగ్గర పెట్టుకుని ఉండేవారు. 1897 సెప్టెంబరు 30న, 24 ఏళ్లకు కన్నుమూశారు. భావం లేకపోవడం, విశ్వాసం లేకపోవడం ఒకటి కాదని ఇంతకంటే గట్టిగా చెప్పే సాక్ష్యం నాకు తెలియదు.

ఈ ఎండిన రోజులకు లొయోలాపురి పునీత ఇగ్నాసి గారు ఇచ్చిన నియమం ఒకటి ఉంది. ఆయన కూడా మంచం మీద నుంచి నేర్చుకున్న మనిషే. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి పడుకుని ఉన్నప్పుడు చదవడానికి దొరికిన క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రలు ఆయనను మార్చాయి. మనసు చీకటిగా ఉన్నప్పుడు, వెలుగున్న రోజుల్లో చేసుకున్న నిర్ణయాలను మార్చవద్దని ఆయన నియమం. మానేయాలనిపించిన రోజున అనుకున్న సమయం కంటే కాస్త ఎక్కువే కూర్చోమంటారు. మీరు మాత్రం దీన్ని మీ పరిస్థితికి తగ్గట్టు అన్వయించుకోవాలి: పూర్తి జపమాల చెప్పే ఓపిక లేని రాత్రి ఒక్క పదివరస (పది పూసల ప్రార్థన) చెప్పండి, నిద్ర వస్తే నిద్రపోండి, కానీ జపమాలను పెట్టెలో పెట్టేయకండి, దిండు పక్కనే ఉంచండి.

ఇక బైబులు ఎలా చదవాలన్నది. ఆదికాండం నుంచి వరుసగా చదివి లేవీయకాండం దగ్గర ఆగిపోయినవారిలో మీరు మొదటివారు కాదు. కొత్తగా ఊరికి వచ్చినవాణ్ణి ఎవరూ ముందు రిజిస్ట్రారు ఆఫీసు దస్తావేజుల గదిలోకి తీసుకెళ్లరు. బలుల చట్టాలు ఎందుకున్నాయో హెబ్రీయులకు రాసిన లేఖ చదివాక తెలుస్తుంది, అప్పుడు తిరిగి వెళ్లవచ్చు. ఇప్పటికి మార్కు సువిశేషం తీసుకోండి. నాలుగు సువిశేషాల్లో అదే చిన్నది, 16 అధ్యాయాలు, అందులో సింహభాగం ప్రభువు శ్రమల వైపు నడిచే దారి. దాని పక్కన రోజుకొక కీర్తన. ఇంకో పద్ధతి కూడా ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం: వచ్చే ఆదివారం దివ్యబలిపూజలో చదవబోయే సువిశేషాన్ని సోమవారమే తెలుసుకుని, వారమంతా ఆ ఒక్క భాగాన్నే చదవడం. శనివారానికి అది మీ నోట్లో నానుతుంటుంది. ఆదివారం పీఠం మీద నుంచి వినిపించినప్పుడు, తెలిసిన మనిషి గొంతు విన్నట్టుంటుంది.

వాక్యాన్ని ధ్యానించడం అని మనం ఎంతో బరువుగా అనే మాటకు మన పశువుల పాకలోనే మంచి పోలిక ఉంది. గేదె పగలంతా మేసినది రాత్రి తీరిగ్గా పడుకుని నెమరు వేస్తుంది. ఒంటికి పట్టేది ఆ నెమరులోనే. 12వ శతాబ్దంలో రెండవ గీగో అనే కార్తూసియన్ మఠవాసి వాక్యపఠనాన్ని నాలుగు మెట్ల నిచ్చెనతో పోల్చాడు, అతని పోలిక కూడా తిండిదే: చదవడం ముద్ద నోట్లో పెట్టుకోవడం, ధ్యానించడం నమలడం, ప్రార్థన రుచి కోసం అడగడం, చివరి మెట్టు ఆ రుచిలో ఊరకుండటం. చివరి మెట్టు మన చేతిలో లేదు, దేవుడు ఇచ్చినప్పుడే. మొదటి రెండూ మన వంతు.

ఇది మాటల్లో చెబితే తేలిపోతుంది కనుక, మీ ఇంటికి తగిన ఒక్క వచనం తీసుకుని చేసి చూపిస్తాను. యోహాను సువిశేషం 19వ అధ్యాయం, 28వ వచనం. సిలువ మీద ప్రభువు అంటారు: నాకు దప్పికగా ఉంది. దీన్ని డయాలసిస్ కేంద్రం బయట బల్ల మీద కూర్చుని, పెదవులు కదిలేలా మూడుసార్లు నెమ్మదిగా చదవండి. ముందు వెనుకల ఐదేసి వచనాలు కూడా చదవండి. ఆ పక్కనే తల్లి మరియమ్మ నిలబడి ఉంది, ఆ మాట ఆమె చెవిన పడింది. నీళ్లు అందించే వీలు లేదు. అందించింది సైనికులు, స్పంజీలో ముంచిన పులిసిన రసం. ఇక్కడ కాస్త ఆగండి. రాత్రి రెండు గంటలకు మీ భర్త నీళ్లడిగినప్పుడు మీరు స్టీలు గ్లాసును దీపం దగ్గర పెట్టి గీత వరకు కొలిచి, ఆ గీత దాటనివ్వకుండా ఆయన చేతికిచ్చి, ఆయన పెదవులు తడుపుకుంటుంటే గోడ వైపు తిరిగి నిలబడతారు కదా. మరియమ్మ నిలబడ్డ చోటు అదే. ఆమె చేయగలిగింది లేదు, అయినా అక్కడ నుంచి కదల్లేదు. నీళ్లివ్వడం ప్రేమ అయిన రోజులున్నాయి, ఇవ్వకపోవడం ప్రేమ అయిన రాత్రులూ ఉన్నాయి. మీరు చేస్తున్నది పాపం కాదు.

ఇంకొంచెం నెమరు వేయండి. ఇదే యోహాను సువిశేషం 4వ అధ్యాయంలో, ఎండవేళ బావి దగ్గర కూర్చుని, తాగడానికి నీళ్లివ్వమని సమరియ స్త్రీని అడిగింది కూడా ఈయనే. జీవజలం నేనిస్తానన్నదీ ఈయనే. నీళ్లిస్తానన్నవాడు నీళ్లడుగుతున్నాడు. ఈ రెండు చోట్లనూ కలిపి చూడటమే వాక్య అధ్యయనం, దానికి పెద్ద చదువులు అక్కరలేదు. కలకత్తా తెరేసా తల్లి గారి సభకు చెందిన ప్రతి ప్రార్థనాలయంలో సిలువ పక్కన గోడ మీద ఈ రెండు మాటలే రాసి ఉంటాయి: దప్పికగా ఉంది. ఆ తల్లి కూడా దశాబ్దాల పాటు దేవుని సన్నిధి తెలియని చీకటిలోనే సేవ చేశారని ఆమె పోయాక వెలువడిన ఉత్తరాల వల్ల లోకానికి తెలిసింది. ఇక ప్రార్థన. అది మీ సొంతం, నేను రాసిపెట్టకూడదు. ఒక్క వాక్యం చాలు: ప్రభూ, ఆయనకు దప్పికగా ఉంది. అంతే అని, ఊరకే కూర్చోండి. పేరు పిలిచేదాకా.

చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వచనాన్ని దాని ఇంటి నుంచి ఊడదీసి తెచ్చుకోవద్దు. నన్ను బలపరచేవాని వల్ల నేను సమస్తమూ చేయగలను అన్న పౌలు మాట మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద పువ్వుల బొమ్మల మధ్య కనిపిస్తుంది. దాన్ని చూసి పరీక్ష పాసవుతామనీ, జబ్బు పోతుందనీ చెప్పేవారున్నారు. ఫిలిప్పీయులకు రాసిన ఆ లేఖ చెరసాలలో నుంచి రాసింది. పై వచనమే చదివితే, కడుపు నిండి ఉండటమూ ఆకలితో ఉండటమూ రెండూ నేర్చుకున్నాను అంటాడు. అంటే ఆకలితో కూడా నిలబడగలను అని ఆ మాట అర్థం. రెండవ వాటికన్ మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన దైవావిష్కరణ పత్రం కూడా ఇదే నేర్పుతుంది: రాసినవాడు ఏం చెప్పదలచాడో, ఏ రకం రచన రాస్తున్నాడో, పాటా, లేఖా, ఉపమానమా అన్నది చూసి చదవమంటుంది. లేఖనాలు తెలియకపోవడమంటే క్రీస్తు తెలియకపోవడమే అన్న పునీత జెరోము గారి మాటనూ ఆ పత్రమే విశ్వాసులందరికీ గుర్తు చేసింది. మీ కతోలిక బైబులులో పుట అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వివరణలను దాటవేయకండి. అర్థం కానిది కాగితం మీద రాసుకుని, ఆదివారం పూజ అయ్యాక విచారణ గురువును (మీ ప్రాంతపు గుడిని చూసుకునే ఫాదరును) గానీ సిస్టర్లను గానీ అడగండి.

ఇరవై నిమిషాలు కూడా దొరకడం లేదని మీరు రాయలేదు కానీ, మీ రోజు ఎలా గడుస్తుందో ఊహించగలను. 1609లో సంసారుల కోసం భక్తి మార్గాన్ని రాసిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్ గారు, ఎవరి బతుకుకు తగిన భక్తి వారిదని చెప్పారు. సంసారి మఠవాసిలా రోజంతా గుడిలో కూర్చుంటే అది భక్తి కాదు, తప్పు అన్నారు. 1846లో విశాఖపట్నం చేరి మీ ఉత్తరాంధ్రలో విచారణలు నెలకొల్పిన మిషనరీలు ఆయన పేరు పెట్టుకున్న సభవారే, కాబట్టి ఈ మాట మీ ఇంటి పెద్దల మాటే అనుకోండి. మందులు, ఉప్పు లేని వంట, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేయి మీద బరువు పడకుండా చూసుకోవడం, ఇవన్నీ మీకు దేవుడిచ్చిన వేళలు. మిగిలింది డయాలసిస్ కేంద్రంలో వారానికి పన్నెండు గంటల ఎదురుచూపు. అందులో ఇరవై నిమిషాలు వాక్యానికి ఇచ్చి, మిగతాది కునుకు తీయండి.

బాధను దేవునికి అర్పించండి అని మనవాళ్లు అంటారు. ఆ మాటను నేను భయపడుతూ వాడతాను, ఎందుకంటే దాన్ని చాలాసార్లు బాధపడేవారి నోరు మూయించడానికి వాడారు. సువిశేషాలు నాలుగూ వెతికినా, ఈ జబ్బు నీకు మంచిదే, ఉంచుకో అని ప్రభువు ఏ రోగితోనూ అన్నట్టు లేదు. స్వస్థపరచారు, లేదా ఏడ్చారు. తోటలో తాను కూడా ఈ పాత్ర తొలగించమనే అడిగారు. ఉద్దానం అన్న పేరు ఉద్యానం నుంచి వచ్చిందంటారు, గెత్సేమని కూడా తోటే కనుక మీరు ఆ ప్రార్థనను మీ కొబ్బరితోటలోనే చేయవచ్చు. అడగడం అయ్యాకే, నీ చిత్తం అన్నారు. ఆ వరసను తిరగేయవద్దు. పౌలు కూడా తన ఒంట్లోని ముల్లు తీసేయమని మూడుసార్లు బతిమాలాడు. తీయలేదు. నా కృప నీకు చాలు అన్న జవాబు వచ్చింది.

క్రీస్తు శ్రమల్లో కొరవడినదాన్ని నా శరీరంలో పూర్తిచేస్తున్నాను అని కొలొస్సీయులకు రాసిన లేఖలో అదే పౌలు అంటాడు. ప్రభువు సిలువలో లోటేమీ లేదు. మన బాధకు కూడా అందులో చోటుంచారు అని దాని భావం. 1981లో తుపాకి గుళ్లకు గురై బతికి బయటపడిన రెండవ జాన్‌పాల్ పోపు గారు, 1984 ఫిబ్రవరి 11న బాధను గురించి రాసిన ప్రేషిత లేఖకు ఈ వచనాన్నే పునాదిగా తీసుకున్నారు. ఆ లేఖ చివర ఆయన మంచి సమరియుడి దగ్గరకు వస్తారు: బాధపడేవాడూ, అతని పక్కన ఆగిపోయినవాడూ ఇద్దరూ ఒకే సువిశేషంలో ఉన్నారంటారు. మీరు ఆ రెండో మనిషి. దీన్ని చేతితో ముట్టుకోవాలంటే, ఆదివారం అర్పణ సమయంలో గురువు చేతుల వైపు చూడండి. ద్రాక్షరసం పోసిన పానపాత్రలో ఒక్క చుక్క నీరు కలుపుతారు. క్రీస్తు దైవత్వంలో మన మానవత్వం కలవడానికి అది గుర్తు. కలిశాక ఆ చుక్కను ఎవరూ తిరిగి తీయలేరు. ఆ వారమంతా మీ ఆయన తాగకుండా వదిలిన నీళ్లను ఆ చుక్కతో పాటు పంపించండి.

ఇంకో రెండు పనులు వెంటనే చేయవలసినవి. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇప్పించండి. అది ఆఖరి ఘడియల్లో ఇచ్చేదని ఊళ్లలో భయం ఉంది, గురువు నూనె తీసుకుని గడప తొక్కితే చుట్టాలు ఏడుపు మొదలుపెడతారు. యాకోబు లేఖ 5వ అధ్యాయం చెప్పేది మీలో ఎవరైనా రోగి ఉంటే అని మాత్రమే. ఇటువంటి జబ్బు ఉన్నవారు తప్పక పొందవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ పొందవచ్చు. పూజకు రాలేని ఆదివారం దివ్యసత్ప్రసాదం ఇంటికి తెమ్మని అడగడానికి మొహమాటపడకండి, రోగికి అది హక్కు.

మొక్కుబడి సంగతి. మీరు సొంతంగా చేసుకున్న మొక్కు నుంచి, తగిన కారణం ఉంటే, మీ విచారణ గురువు మిమ్మల్ని విడిపించగలరు, శ్రీసభ చట్టం ఆయనకు ఆ అధికారం ఇచ్చింది. అంతకంటే మేలైన దానికి గానీ దానికి సమానమైన దానికి గానీ మీరే మార్చుకోవచ్చు. పైగా మీరు మొక్కింది ఆయనకు నయమైతే అని కదా, ఆ షరతు తీరలేదు కనుక మాతకు మీరు బాకీ పడలేదు. అయినా ఊరకే వదలడానికి మనసొప్పకపోతే, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల ఉత్సవపు జనంలోకి ఆయనను తీసుకెళ్లకండి, అంటురోగాల భయం ఉంటుంది. 11వ తేదీ లూర్దుమాత పండుగే కాక ప్రపంచ రోగుల దినం కూడా. ఆ రోజు గానీ దానికి దగ్గరలో డయాలసిస్ లేని రోజు గానీ చూసుకుని, మీ ఊరి గుడిలోనే అభ్యంగనం పెట్టించుకోమని గురువుతో మాట్లాడండి. పక్కవీధి అక్కను కూడా పిలవండి, వస్తుంది. పాట ఎత్తుకునే గొంతు ఆమెకు ఎలాగూ ఉంటుంది.

మళ్లీ రాసేటప్పుడు, మీ ఆయన ఏ కీర్తన చదివించుకున్నారో రాయండి.